సింధు ఫైనల్ చూడ్డానికి నాన్నతో జకార్తా వెళ్లాను

2018 ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లినప్పుడు గది విషయంలో తప్పు చేశాను. అద్దె తక్కువని చూశానే గానీ దారి చూడలేదు. విమానాశ్రయం నుంచి అప్పటికి కొత్తగా మొదలైన రైల్లో 70,000 రూపియాలకు సుదీర్మాన్ స్టేషన్ దాకా హాయిగా వచ్చాం. మన డబ్బుల్లో దాదాపు 350 రూపాయలు. అక్కడి నుంచి లాడ్జికి టాక్సీలో గంటన్నర పట్టింది. చివర కారు పట్టని సందు. నాన్నకు అరవై ఎనిమిదేళ్లు, పెట్టె మోసుకుంటూ నడిచారు. గదికి కిటికీ కూడా లేదు.

తెల్లారగానే ఖాళీ చేసి సరినా అనే మాల్ దగ్గర జలాన్ సబాంగ్ అనే వీధిలో గది తీసుకున్నాం. అద్దె కాస్త ఎక్కువే, కానీ ప్రతి పైసాకీ ఫలితం దక్కింది. బ్లాక్ ఎం నుంచి కోటా వరకు వెళ్లే ట్రాన్స్‌జకార్తా బస్సు నడకదూరంలో దొరుకుతుంది. 2004లో మొదలైన ఈ మార్గంలో బస్సుకు విడిగా వరస ఉంటుంది. పక్కన కార్లు కదలక నిలబడి ఉంటే మేం సాగిపోయేవాళ్లం. ఎంత దూరమైనా టికెట్ అప్పట్లో 3,500 రూపియాలే. దక్షిణాన స్టేడియాలు, ఉత్తరాన మోనాస్ అనే జాతీయ స్మారక స్తంభం, పాత బటావియా (జకార్తా పాత ఊరు), అన్నీ ఈ ఒక్క దారిలోనే. 2019 మార్చి నుంచి మెట్రో కూడా నడుస్తోంది, ఫైనల్ జరిగిన ఇస్తోరా స్టేడియం దగ్గరే స్టేషన్ ఉంది. ఇప్పుడు వెళ్లేవాళ్లు గది ఈ దారి పక్కనే చూసుకోండి.

శాకాహారులకు ఒక జాగ్రత్త. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), టోఫు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ సంబల్ కారంలో తెరాసి, అంటే రొయ్యల ముద్ద, కలుపుతారు. గాడో-గాడో అనే కూరగాయల సలాడ్‌లో వేసే పల్లీ పచ్చడిలోనూ ఉండొచ్చు, పైన రొయ్యల అప్పడం వేస్తారు. 'తన్పా తెరాసి', అంటే తెరాసి లేకుండా, అని ముందే చెప్పాలి. సబాంగ్ వీధి బండివాళ్లు ఎంత ఓపిగ్గా విన్నారో!

సోమవారం మ్యూజియంలు మూసేస్తారు. అందుకే పాత ఊరు కోటా తువాలోని వాయాంగ్ తోలుబొమ్మల మ్యూజియం చివరి రోజుకు పెట్టుకున్నాం. మోనాస్ దగ్గర అర్జునుడి రథం ముందు నాన్న చాలాసేపు నిలబడ్డారు. శిల్పి న్యోమన్ నువార్తా, 1987 నాటిది. కృష్ణుడు తోలుతున్నాడు, కర్ణుడి మీద యుద్ధం.

ఇక ఇస్తోరా. 1962 ఆసియా క్రీడలకు కట్టిన ఇండోర్ స్టేడియం అది. సోమవారం బ్యాడ్మింటన్ సెమీస్‌లో సైనా తైవాన్ క్రీడాకారిణి తై జు యింగ్ చేతిలో ఓడి కాంస్యంతో ఆగింది. సింధు జపాన్‌కు చెందిన యమగూచిని మూడు గేముల్లో గెలిచి, ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ సింగిల్స్ ఫైనల్ చేరిన తొలి భారతీయురాలైంది. మంగళవారం, ఆగస్టు 28న, తై ముందు 13-21, 16-21తో ఓడింది. అదే రోజు ఇండోనేసియా ఆటగాడు జొనాథన్ క్రిస్టీ పురుషుల సింగిల్స్‌లో స్వర్ణం గెలిచాడు. దెబ్బ దెబ్బకీ జనం 'ఇయా' అని అరుస్తుంటే కుర్చీ అదిరింది. ఆ అరుపు టీవీలో వినేది కాదు, ఒంటికి తగిలేది. పక్క సీటులోని పెద్దాయన నాన్న భుజం తట్టి 'సింధు బాగుస్' అన్నాడు. బాగుస్ అంటే బాగుందని. నాన్న రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నారు.

తిరుగు బస్సులో రెండో గేమ్ ఎక్కడ చెయ్యిజారిందో నాన్న ర్యాలీ ర్యాలీగా చెబుతూనే ఉన్నారు. మా స్టాప్ దాటిపోయింది. హార్మోనీ స్టాప్‌లో దిగి, ఎదుటి బస్సెక్కి వచ్చాం.