అమ్మతో క్రూయిజ్: విశాఖ ఓడా, సింగపూర్ ఓడా?

మేం సింగపూర్ నుంచి ఓడలో వెళ్లొచ్చిన దగ్గర్నుంచి చుట్టాలదీ, స్నేహితులదీ ఒకటే ప్రశ్న. "క్రూయిజ్ అంటే అంత దూరం వెళ్లాలా, మన వైజాగ్ నుంచి వెళ్లేది సరిపోదా?" ఇద్దరు కుర్రాళ్లు వెళ్తుంటే ఏదైనా ఒకటే, చవకది చూసుకోండి. అరవై దాటిన అమ్మనో, మోకాళ్ల నొప్పుల మావయ్యనో వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకే ఈ గొడవంతా.

డబ్బు సంగతి చూస్తే విశాఖదే పైచేయి. విశాఖ–పుదుచ్చేరి–చెన్నై వరకే అయితే వీసా లేదు, విమానం లేదు, చెన్నైలో దిగి రైలెక్కి వచ్చేయొచ్చు. 2022 జూన్‌లో మొదటిసారి ఇక్కడికొచ్చిన కార్డీలియా ఎంప్రెస్ 1990 నాటి ఓడ. పాతది కదా అని మొహం చిట్లించక్కర్లేదు, టన్నుల్లో చూస్తే టైటానిక్ కంటే కాస్త పెద్దదే. 2023 సెప్టెంబరులో 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు కాబట్టి ఎక్కడం హాయి. చిక్కల్లా ఒక్కటే. ముంబయి వైపు సముద్రం ఉగ్రంగా ఉండే వానాకాలంలోనే ఆ ఓడ మన తూర్పు తీరానికి వస్తూ వచ్చింది. దసరాకో సంక్రాంతికో వెళ్దామని ప్లాన్ వేసేముందు అసలు ఓడ ఉందో లేదో చూసుకోండి.

సింగపూర్ వైపు ఆ బెంగ లేదు. ఏడాది పొడవునా పెద్ద ఓడలు తిరుగుతుంటాయి, మూడు నాలుగు రాత్రుల ట్రిప్పులే ఎక్కువ. ఖర్చు మాత్రం టికెట్ దగ్గర ఆగదు. టిప్పుల పేరుతో మనిషికి రోజుకు 15–20 డాలర్ల దాకా బిల్లులో కలుస్తుంది, వైఫై వేరు, కూల్‌డ్రింకులు కూడా చాలాచోట్ల వేరే. వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని తప్పకుండా చూసుకోండి. ఓడ కదిలిందంటే మీరు సింగపూర్ దాటేసినట్టే, తిరిగి దిగినప్పుడు మళ్లీ కొత్తగా వచ్చినట్టు లెక్క.

ఇవన్నీ అందరూ చెప్పేవే. నేను చూడమనేది ఇంకొకటి: దారిలో వచ్చే ఊళ్లలో ఓడ రేవుకు ఆనుకుంటుందా, దూరంగా లంగరేస్తుందా?

మాది సింగపూర్ నుంచి మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ వెళ్లొచ్చే ట్రిప్పు. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ ఊళ్లోనే స్వెటెన్‌హామ్ రేవుకు ఆనుకుంది. అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా దింపాను, అక్కణ్నుంచి లిటిల్ ఇండియాకు నడిచే వెళ్లాం. 1833 నాటి మారియమ్మన్ గుడిలో దండం పెట్టుకుంది, మల్లెపూలు కొనుక్కుంది, కాఫీ తాగి "మన కాఫీలాగే ఉందిరా" అంది. మోకాళ్ల మాటే ఎత్తలేదు.

ఫుకెట్‌లో పటాంగ్ బీచ్‌కి దూరంగా లంగరేశారు. నంబర్ల వారీగా పిలిచి అట్టడుగు అంతస్తుకు తీసుకెళ్లారు. ఓడ పక్కన తలుపు తెరిచి ఉంది, ముందు చిన్న ఇనుప పలక, దాని పక్కన మనల్ని ఒడ్డుకు చేర్చే చిన్న పడవ. ఆ పడవనే టెండర్ అంటారు. అలకు ఒకసారి పలక కంటే పైకి లేస్తుంది, మరుక్షణం మూరెడు కిందికి జారుతుంది. అటొకరు ఇటొకరు సిబ్బంది మోచేతులు పట్టుకుని, పడవ పైకొచ్చిన క్షణం చూసి అడుగు వెయ్యమంటారు. అమ్మ రెండుసార్లు కాలు ఎత్తింది, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. వెనకాల వరుసంతా చూస్తోంది. "ఒరే, నువ్వు పిల్లల్ని తీసుకుని వెళ్లిరా. నాకిక్కడే బాగుంది" అని నా మణికట్టు వదిలేసింది. ఫుకెట్‌కీ మా అమ్మకీ మధ్య అడ్డమొచ్చింది అరడుగు నీళ్లు. తిరగడానికి కట్టిన డబ్బు సంగతి సరేసరి. మేం సాయంత్రం వచ్చేసరికి డెక్ మీద మదురైవాళ్లావిడతో కబుర్లలో ఉంది, అది వేరే విషయం.

ఓడల కంపెనీలకు ఇది తెలియక కాదు. బహామాస్‌లోని కోకోకే దీవికి మొదట్లో టెండర్లలోనే తీసుకెళ్లేవారు. 2019లో ఆ దీవిని కొత్త హంగులతో తెరిచేనాటికి రాయల్ కరీబియన్ అనే ఓడల కంపెనీవాళ్లు ఏకంగా రేవే కట్టేశారు. వాళ్ల ఓడ ఐకాన్ ఆఫ్ ది సీస్ 2024 జనవరిలో తొలి ప్రయాణానికి బయల్దేరింది. 20 డెక్కులు, అంటే అంతస్తులు, నిండితే ఏడు వేలమందికి పైగా జనం. అంతమందిని చిన్న పడవల్లో దించి ఎక్కించేసరికి పొద్దుగూకుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు ఫ్లోరిడా నుంచి కోకోకే వెళ్తే అందుకే సుఖంగా దిగొస్తారు. అదే కరీబియన్ దీవి గ్రాండ్ కేమన్‌లో ఇప్పటికీ టెండరే. క్రూయిజ్ రేవు కడదామా అని 2025లో ఓటింగ్ పెడితే అక్కడి జనం వద్దన్నారు. వాళ్ల ఊరు, వాళ్లిష్టం. మన మోకాళ్ల సంగతి మనం చూసుకోవాలి.

ఈ లెక్కన చూస్తే పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నా ఓటు సింగపూర్–పెనాంగ్, లేదంటే మలేసియాలోనే ఉన్న పోర్ట్ క్లాంగ్ రేవులో ఆగే మూడు రాత్రుల ట్రిప్పుకే. ఫుకెట్ కావాలంటే మే నుంచి అక్టోబరు దాకా వద్దు, ఆ నెలల్లో అక్కడ అలలు ఎక్కువ. విశాఖ ఓడకు విశాఖలో, చెన్నైలో రేవుంది. పుదుచ్చేరిలో మాత్రం పడవ ఎక్కాలి. అమ్మ ఆ ఒక్క పూట ఓడలోనే ఉంటానంటే విశాఖ ట్రిప్పు కూడా బాగానే ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఊరి పేరు పక్కన 'టెండర్' అని ఉందేమో వెతకండి. ఏజెంట్‌ని అడిగితే "ఏం పర్లేదండీ, అందరూ దిగుతారు" అంటాడు. నాకూ అలాగే చెప్పాడు.

కొచ్చి నుంచి లక్షద్వీప్ వెళ్లే 'సముద్రం' అనే ప్యాకేజీ ఈత వచ్చిన కుర్రకారుకు. అక్కడ చాలావరకు పడవల మీదే దిగడం. విశాఖ నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్లే ఓడ గురించి కూడా అడుగుతున్నారు. అది క్రూయిజ్ కాదండీ, రెండు రోజులకు పైగా పట్టే ప్రయాణికుల ఓడ. రైల్లో స్లీపర్ అనుకుని ఎక్కండి.

మొన్న అమ్మ ముందు చెన్నై ట్రిప్పు మాటెత్తాను. ఎంత అని అడగలేదు, ఎన్ని రోజులని అడగలేదు. "పుదుచ్చేరిలో పడవా, మెట్లా?" అంది.