కావలి ఎండలో పాషన్ ఫ్రూట్: ఒక్క తీగతో పనికాదు

2021 ఆగస్టులో మొదటి మొక్క పెట్టాను. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. ఇందులో మొదటి రెండేళ్లూ నా తెలివితక్కువతనానికే పోయాయి.

నర్సరీలో ఇచ్చింది ఊదారంగు కాయల రకం. అది కొడగు, నీలగిరి లాంటి చల్లటి కొండల్లో బాగా కాసేది. మా కావలిలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మే నెలాఖరుకి ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చి, చివరికి కాడ కూడా ఎండిపోయింది. నర్సరీ ఆయన్ని అడిగితే "నీళ్లు చాల్లేదమ్మా" అన్నాడు. రోజూ రెండు బకెట్లు పోశాను మరి!

మన వేడికి తట్టుకునేది పసుపు రకం. తెలిసినవాళ్లు ఇచ్చిన పండు గింజలతో 2022 జూన్‌లో నారు పోసి, స్థలం చాలదని ఒక్క మొక్కనే ఉంచాను. ఏడాది తిరిగేసరికి ఇనుప పైపుల పందిరంతా అల్లేసింది. పూలూ పూసింది, రోజుకి పాతిక ముప్పై. మన కృష్ణకమలం జాతే కదా, వీధిలో పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకునేవారు. సాయంత్రానికి మంచి వాసన కూడా. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. మా అత్తయ్య రోజూ రాలిన పూలు ఊడుస్తూ "బీరపాదు పెట్టుంటే ఈపాటికి వీధంతా పంచేవాళ్లం గదమ్మాయ్" అనేది.

యూరియా వేశాను, ఆకు ఇంకా దట్టమైంది, అంతే. అసలు సంగతి తర్వాత తెలిసింది. పసుపు రకంలో ఒక తీగ పుప్పొడి అదే తీగ పువ్వుకి పనిచేయదు. గింజ నుంచి వచ్చిన వేరే తీగ పక్కన ఉండాలి. అదే తీగ కొమ్మని అంటు కట్టి పెట్టినా లాభం లేదు. ఒంగోలులో మా బంధువుల ఇంటి నుంచి ఇంకో మొక్క తెచ్చి పెట్టిన మూడు నెలలకే, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి పందిరిని పడేసింది. లేవనెత్తి మళ్లీ కట్టాం. మొదళ్ల దగ్గర రెండు రోజులు నీళ్లు నిలిచేసరికి చాలా టెన్షన్ పడ్డాను. కాడ మొదట్లో కుళ్లు పట్టిందంటే ఇక తీగ దక్కదు. అప్పటి నుంచి పాదుని గుంటగా కాకుండా మట్టి ఎగదోసి గట్టుగా చేశాను.

2024లో మొదటిసారి కాయ పట్టింది. నల్ల తుమ్మెదలు వచ్చిన రోజు మనం ఏమీ చేయక్కర్లేదు. రాని రోజు మధ్యాహ్నం నేనే దిగుతాను. పువ్వు పన్నెండు ప్రాంతంలో విచ్చుకుంటుంది. వెంటనే చేయి పెట్టకూడదు. పైన ఉన్న మూడు కొమ్ముల్లాంటివి కిందికి వంగేదాకా ఆగాలి. మనవాళ్ల లెక్కలో వాళ్లు త్రిమూర్తులు, కింద వేలాడే అయిదు పాండవులు. ఈ తీగ పాండవుల మీది పుప్పొడి చిన్న బ్రష్‌తో తీసుకెళ్లి ఆ తీగ త్రిమూర్తులకి అద్దాలి. చుట్టూ దారాల్లా ఉండే కౌరవుల జోలికి పోనక్కర్లేదు. ఆ వేళ పూల మీద నీళ్లు కొట్టకండి, తడిస్తే పుప్పొడి పాడవుతుంది. వాన పడిన రోజు ఎంత అద్దినా వృథానే.

ఎరువు అంటే ఏడాదికి రెండుసార్లు మాగిన గొర్రెల ఎరువు, అంతే. సంక్రాంతి అయ్యాక కత్తిరిస్తాను, ఎందుకంటే పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. మొదట్లో చేయి రాక పాత కొమ్మలు అలాగే ఉంచి నష్టపోయాను. ముళ్ల వెంట్రుకల గొంగళిపురుగులు మాత్రం వదలవు. కంచె మీది జుమికి తీగ (అదీ ఈ జాతి అడవి తీగే) నుంచి వస్తున్నాయేమోనని నా అనుమానం. పొద్దున్నే ఏరి పారేయడమే.

పండు కోయకూడదు, అదే రాలాలి. పువ్వు నుంచి రెండు నెలలు దాటుతుంది. పోయిన సీజన్‌లో వినాయక చవితి నుంచి కార్తీకం దాకా రెండు తీగలకీ కలిపి నూట అరవై చిల్లర లెక్కపెట్టాను, ఉడుతల వాటా కాకుండా. పులుపు గట్టిది. తొక్క ముడతలు పడేదాకా బియ్యం డబ్బాలో ఉంచితే కాస్త తగ్గుతుంది. గుజ్జులో పంచదార, చిటికెడు ఉప్పు వేసి చల్లటి నీళ్లు కలిపితే పిల్లలు గ్లాసు వదలరు. మామిడికాయ దొరకని రోజుల్లో చేపల పులుసులో వేద్దామని మా ఆయన అన్నారు, నేను ఒప్పుకోలేదు.

పందిరికి చోటుండి, రెండు తీగలు పెట్టగలిగితేనే దిగండి. ఒక్క కుండీకే చోటుంటే మా అత్తయ్య చెప్పిన బీరపాదే మేలు.