రూఫ్ టెంట్ కొనేవాళ్ళు జాగ్రత్త: తూకం వెయ్యకుండా, నీళ్ళు కొట్టి చూడకుండా డబ్బులు కట్టొద్దు

అన్నా, అక్కా, కారు నెత్తిన పెట్టుకునే రూఫ్ టెంట్ కొనాలని చూస్తా ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే అడ్వాన్స్ కట్టే ముందర ఇది చదవండి. మాది తిరుపతి. నేను కొన్నది మడత పెట్టే సాఫ్ట్ షెల్ టెంట్, 85 వేలు, క్రాస్ బార్లకి (టెంట్ బిగించడానికి బండి టాపు మీద అడ్డంగా వేసే కడ్డీలు) వేరే. అమ్మినాయన పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడస్తా ఉంది, పైగా ఇదే సరుకుని వేరే వేరే స్టిక్కర్లు అంటించి ఇంకొంతమంది కూడా అమ్ముతా ఉండారు, కాబట్టి పేరు కంటే మోసం యాడ జరుగుతుందో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

ముందు బరువు సంగతి. యాడ్‌లో 48 కేజీలు అని ఉంది, ఫోన్లో అడిగితే కూడా అదే మాట. నా బండి మాన్యువల్లో రూఫ్ మీద 75 కేజీల దాకా పెట్టొచ్చని ఉంది, క్రాస్ బార్లు కలుపుకున్నా సరిపోతుంది. పెట్టె ఇంటికొచ్చినాక ఇద్దరు మగోళ్ళం పట్టుకున్నా లేస్తే ఒట్టు, ఇదేందబ్బా అని మా వీధి చివర పాత ఇనప సామాను అంగట్లో కాటా మీద పెట్టిస్తే అట్టపెట్టె తీసేసినాక 71 చూపించింది. ఫోన్ చేసి అడిగితే ఆయన చెప్పింది వినండి, 48 అనేది ఒట్టి టెంట్ బరువంట, నిచ్చెన, పరుపు, కింద బిగించే చానెళ్ళు, పైన కప్పే కవరు ఇవన్నీ యాక్సెసరీలంట! నిచ్చెన లేకుండా పైకి ఎగిరి దూకాలా స్వామీ? దీనికి క్రాస్ బార్లు ఇంకో 7 కేజీలు, మొత్తం 78, లిమిట్ దాటిపోయింది.

దాని మీద అడిగితే ఇంకో మాయమాట, "మా టెంట్ 300 కేజీలు మోస్తుంది సార్, నలుగురు హాయిగా పడుకోవచ్చు" అంటాడు. అది బండి ఆగి ఉన్నప్పటి లెక్క, స్టాటిక్ లోడ్ అంటారు. మాన్యువల్లో రాసే 50, 75, 100 కేజీలు బండి పరిగెత్తేటప్పటి లెక్క, డైనమిక్ లోడ్. బ్రేక్ కొట్టినా, మలుపు తిప్పినా, గుంతలో పడినా పైనుండే బరువు ముందుకీ పక్కకీ గుంజుతుంది కాబట్టే అది అంత తక్కువ పెడతారు, ఆగి ఉన్న బండి మీద ఆ గుంజుడు ఉండదు, అందుకే అంతకు చాలా రెట్లు మోయగలదు. ఈ రెండూ కలిపి కలగాపులగం చేసి చెప్పే అమ్మకందారు దొరికితే అక్కడే లేచి వచ్చేయండి. భాకరాపేట ఘాట్‌లో ఆ బరువుతో ఒకసారి దిగి చూడండి, మలుపు మలుపుకీ బండి పక్కకి వాలడం స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. ఇంకోటి, కొన్ని బండ్లకి పైన కనపడే రూఫ్ రెయిల్స్ ఒట్టి షోకి పెట్టినవి, బరువు మోసేవి కాదు. షోరూం సేల్స్ కుర్రోడిని కాదు, సర్వీస్ అడ్వైజర్ని అడిగి మాన్యువల్లో పేజీ చూపించమనండి.

ఇక అసలు కడుపుమంట, నీళ్ళు. మనకి గట్టి వాన అంటే జూన్ జులై కాదు కదా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు పడితేనే. 2021 నవంబర్లో తిరుపతి వీధులు ఎట్ల మునిగినాయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. దామలచెరువు పక్కన మా బావమరిది వాళ్ళ మామిడి తోటలో టెంట్ వేసుకున్నాం, అది కూడా తుఫాను వానేం కాదు, మామూలు వాన. అర్ధరాత్రికి పిల్లకాయల కాళ్ళ దగ్గర పరుపు తడిసి ముద్దయింది. టార్చ్ వేసి చూస్తే గుడ్డలోంచి చుక్క రావడం లేదు, కుట్ల వెంబడి వరసగా దిగతా ఉంది, కిటికీ జిప్ మూలల్లో అయితే ధారే.

యాడ్‌లో "3000 ఎంఎం వాటర్‌ప్రూఫ్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ అంకె గుడ్డది. గుడ్డ మీద అంత ఎత్తు నీళ్ళు నిలబెట్టినా కారదు అని దానర్థం, కానీ మిషన్ సూది దిగిన ప్రతి చోటా బొక్క పడుతుంది, ఆ కుట్టు మీద లోపలి వైపు సీమ్ టేప్ వేడితో అంటించకపోతే గుడ్డ ఎంత మంచిదైనా ఒకటే. నా టెంట్‌కి పైకప్పు మధ్య కుట్టుకి మాత్రం టేప్ ఉంది, ఎందుకంటే ఫోటోలో పడేది అదే. మూలలకీ, కిటికీల చుట్టూ, కింద అంచుకీ ఏమీ లేదు.

ఫోటోలు పంపితే "అది లీకేజీ కాదు సార్, కండెన్సేషన్" అన్నాడు. కండెన్సేషన్ అనేది నిజంగానే ఉంటుంది, కాదనను. కిటికీలన్నీ మూసుకుని నలుగురు పడుకుంటే ఊపిరి తేమంతా చల్లటి గుడ్డకి తగిలి చెమట పట్టినట్టు పడుతుంది, పరుపు కింద పలకకి కూడా పడుతుంది, అందుకే పరుపు కింద జాలీ లాంటి మ్యాట్ వేసుకోవాలి, కిటికీ రవ్వంత తెరిచి పెట్టుకోవాలి. కానీ ఆ చెమట లోపలంతా సమానంగా పడుతుంది, కుట్టు వెంబడి గీత గీసినట్టు రాదు. తేల్చుకోవాలంటే ఎండ రోజున మిద్దె ముందర టెంట్ విప్పి, లోపల ఎవరూ లేకుండా పైనుంచి పావుగంట ట్యూబుతో నీళ్ళు కొట్టండి. లోపల మనిషే లేనప్పుడు కండెన్సేషన్ యాడ నుంచి వస్తుంది? నేను ఆ వీడియో తీసి పంపినాక ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. వారంటీ కార్డులో చూస్తే "మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ మాత్రమే, రవాణా ఖర్చు కొన్నవాళ్ళదే, నిర్ణయం కంపెనీదే" అని చీమ తలకాయంత అక్షరాలు. బిల్లులో మోడల్ పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు, ఒట్టి "కార్ యాక్సెసరీ" అని ఉంది.

తడిసిన టెంట్‌తో ఇంకో తంటా. అట్లే మడిచి తెస్తే రెండ్రోజుల్లో బూజు వాసన, అది ఒకసారి పట్టిందంటే వదలదు, ఇంటికొచ్చి మళ్ళీ విప్పి ఆరబెట్టాలి. సొంత మిద్దె, ముందర జాగా ఉన్నోళ్ళకి పర్వాలేదు, అపార్ట్‌మెంట్ వాళ్ళు యాడ విప్పుతారు? నవంబర్లో ఎండ యాడుంది? సెల్లార్ పార్కింగ్ ఉంటే ముందర టేప్ పెట్టి ఎత్తు కొలుచుకోండి, మడిచినాక కూడా బండి మీద ఇంకో అడుగు పెరుగుతుంది. హైవే మీద గాలి హోరు, మైలేజీ దెబ్బ, ఇవి మంచి కంపెనీది కొన్నా తప్పవు.

అట్లని రూఫ్ టెంట్ అంటేనే వేస్ట్ అనను. నేల టెంట్‌లో రాళ్ళు నడుముకి గుచ్చుకుంటాయి, తేళ్ళు జెర్రిల భయం, పాము భయం, మా ఆవిడైతే నేల టెంట్ అంటే ససేమిరా. పైన ఆ బాధ లేదు, పరుపు లోపలే ఉంటుంది, చదును తావ దొరికితే చాలు పది నిముషాల్లో విప్పేయొచ్చు, గాలి బాగా ఆడుతుంది. మదనపల్లి దాటి హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైన ఉంది కదా, జనవరిలో ఆ చలికి ఇలాంటి టెంట్‌లో నిద్ర అంటే ఆ సుఖమే వేరు. మే నెలలో కింద తిరుపతిలో మాత్రం వద్దు, రోజంతా ఎండలో కాగిన బండి టాపు అర్ధరాత్రి దాకా సెగ కొడతానే ఉంటుంది. ముసలోళ్ళు ఉంటే కూడా ఆలోచించండి, రాత్రి ఒంటికి లేవాలంటే చీకట్లో నిచ్చెన దిగాలి.

అమ్మేవాళ్ళు చెప్పని ఇంకో విషయం, మన చుట్టుపక్కల దీన్ని విప్పే తావులు తక్కువ. వీడియోల్లో జలపాతం పక్కన టెంట్ వేసినట్టు చూపిస్తారు, మన తలకోన ఉండేది శ్రీవెంకటేశ్వర నేషనల్ పార్క్‌లో, మనకిష్టమొచ్చిన తావ బండి ఆపి రాత్రి పడుకునే అడవి కాదు అది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన అనే ఆలోచనే పెట్టుకోవద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత పసిబిడ్డని పొట్టన పెట్టుకున్న సంగతి మనందరికీ తెలుసు. పలమనేరు, కుప్పం వైపు అయితే కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాత్రిపూట పొలాల్లోకి దిగుతాయి, ఏడడుగుల ఎత్తులో పడుకున్నాం కదా అని ఏనుగు ముందర ధైర్యం పనికిరాదు. శేషాచలం అంచున అడవి రోడ్డు పక్కన రాత్రి బండి ఆపి పైన పడుకున్నారనుకోండి, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్ళు టార్చ్ కొట్టి డిక్కీ తెరవమంటే వాళ్ళ తప్పేం లేదు. తెలిసినోళ్ళ తోట, లేదా రాత్రి ఉండనిచ్చే రిసార్ట్ జాగా, ఈ రెండూ మీకు లేకపోతే 85 వేలు పెట్టే ముందర ఒక రాత్రికి ఎవరి దగ్గరైనా బాడుగకి తీసుకుని చూడండి.

కొనే పని తప్పదనుకుంటే బరువు ఎంతో, అందులో ఏమేం కలిసినాయో వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నిలవదు. కుట్ల లోపలి వైపు ఫోటోలు అడగండి, మూలలవి, కిటికీలవి. డెలివరీ వచ్చినప్పుడు పెట్టె విప్పేటప్పటి నుంచి ఆపకుండా వీడియో తీయండి. బిగించినాక మొదటి యాభై కిలోమీటర్లకే బోల్టులు వదులవుతాయి, స్పానర్ బండిలోనే పెట్టుకుని మళ్ళీ బిగించుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నోళ్ళు ఉంటే 1915కి ఫోన్ చేయండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చినాక అమ్మినోడు ఏ ఊర్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేయాలి అంతే. నాది 1915లో రిజిస్టర్ అయింది, ఆయన "సగం డబ్బులు ఇస్తా, కంప్లైంట్ వెనక్కి తీసుకో" అని వేరే నంబర్ నుంచి మెసేజ్ పెట్టినాడు, నేను ఒప్పుకోలేదు, టెంట్ ఎత్తుకుపోయి మొత్తం ఇయ్యమన్నా. ఒకవేళ ఎత్తుకుపోతే అదే టెంట్ "ఒక్కసారే వాడింది, కొత్తదాని మాదిరి" అని మళ్ళీ అమ్మకానికి వస్తుందేమోనని నా అనుమానం, కాబట్టి గుర్తు చెప్తా ఉండా: బూడిద రంగు గుడ్డ, నల్ల కవరు, ఎడమ కిటికీ కింద మూలలో నేను మార్కర్‌తో గుండ్రంగా చుట్టిన కుట్టు.