తార్నాకలో కొత్త స్టూడెంట్ లివింగ్ బిల్డింగ్: చేరే ముందు రూమ్ కిటికీ చూడండి

ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ)లో సీటొచ్చి క్యాంపస్ హాస్టల్ దొరకని వాళ్లు, గ్రూప్స్ ప్రిపరేషన్ అని జిల్లాల నుంచి వచ్చిన వాళ్లు అందరూ ఇప్పుడు ఈ బిల్డింగ్ గురించే అడుగుతున్నారు. తార్నాక మెట్రో దిగి లోపలికి కొంచెం నడిస్తే వస్తుంది, ఐదంతస్తులు, ముందంతా నీలం అద్దాలు. పేరు రాయట్లేదు, ఆ ఏరియాలో తిరిగేవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎండాకాలం మొత్తం అక్కడే ఉన్నాను కాబట్టి చూసింది చూసినట్టు చెప్తున్నా.

అన్నిటికంటే బాగున్నది కింద స్టడీ హాల్. రాత్రంతా తెరిచే ఉంచుతారు, ప్రతి టేబుల్‌కీ ప్లగ్ పాయింట్ ఉంది, కరెంట్ పోయినా ఇన్వర్టర్ మీద లైట్లు ఫ్యాన్లు నడుస్తాయి, పరీక్షల టైంలో తెల్లవారుజామున మూడింటికి కూడా పదిమంది కూర్చుని చదువుతుంటారు, ఆ వాతావరణం ఒంటరి రూముల్లో రాదు. మెస్ కూడా పర్లేదు, పప్పుచారు రోజూ వేడిగా పెడతారు, ఆదివారం చికెన్. వార్డెన్ అక్క మంచిది, జ్వరం వస్తే అడక్కుండానే జావ చేయించి పంపిస్తుంది. లిఫ్టు, గీజరు, వాషింగ్ మెషీన్ అన్నీ కొత్తవే, పనిచేస్తున్నాయి.

ఇక రూములు. డబుల్ షేరింగ్ తిండితో కలిపి నెలకి 11,000. పది బై పదకొండు రూములో రెండు మంచాలు, రెండు బీరువాలు, రెండు టేబుళ్లు ఇరికించారు, ఒకళ్లు కుర్చీ వెనక్కి లాగితే ఇంకొకళ్లు మంచం మీద కాళ్లు ముడుచుకోవాలి. అది కూడా సర్దుకోవచ్చు అనుకోండి, గాలి లేకపోవడమే అసలు బాధ. లోపలి వైపు రూములకి కిటికీ డక్ట్‌లోకి, అంటే బిల్డింగ్ మధ్యలో పైపుల కోసం వదిలిన ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది, అదే డక్ట్‌లోకి బాత్‌రూముల వెంటిలేటర్లు కూడా, ఇక ఆ కిటికీ తెరిచేదెవరు చెప్పండి. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో వేడిగా పొడిగా ఉండే ప్రాంతాలకి కిటికీలు, వెంటిలేటర్లు కలిపి నేల వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలని ఉంది, ఉక్కపోత ప్రాంతాలకైతే ఆరో వంతు. ఆ పదో వంతు లెక్క చూసుకున్నా మా 110 చదరపు అడుగుల రూముకి 11 అడుగులు రావాలి, ఉన్నది రెండు బై మూడు స్లైడింగ్ కిటికీ, అంటే ఆరు, అందులో తెరుచుకునేది సగమే.

రోడ్డు వైపు రూముల్లో వెలుతురు బాగుంటుంది కానీ అది పడమర ముఖం, పైగా అద్దాల మీద ఎక్కడా ఒక్క సజ్జ లేదు. మే నెలలో మధ్యాహ్నం మూడు దాటితే గోడ మీద చెయ్యి పెట్టలేం, రాత్రి పదకొండుకి కూడా ఆ వేడి దిగదు, ఏసీ వేసుకోక తప్పదు, ఏసీకేమో వేరే మీటర్ వేరే బిల్లు. హైదరాబాద్‌లో పడమటి ఎండకి అద్దం పెట్టి సజ్జ మానేసిన వాళ్లకి ఆ రూములో పడుకునే పిల్లలు గుర్తొచ్చి ఉండరు.

కోపం ఎందుకొస్తుందంటే దగ్గర్లోనే ఓయూ ఆర్ట్స్ కాలేజీ ఉంది. 1939లో ప్రారంభమైన బిల్డింగ్, గ్రానైట్ గోడలు, ఎత్తైన కప్పు, మండుటెండలో బయట్నుంచి లోపలికి అడుగు పెడితే ఒళ్లు చల్లబడుతుంది. దాన్ని కట్టే ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అని ఇద్దర్ని దేశాలు తిప్పి అక్కడి యూనివర్సిటీలు చూపించారు, ఆ తర్వాతే బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ని తీసుకొచ్చి డిజైన్ చేయించారు. ఇవాళ అంత రాయి, అంత ఎత్తు ఎవరూ పెట్టలేరు, నేనూ అడగట్లేదు. రెండడుగుల సజ్జ, ఎదురెదురుగా రెండు కిటికీలు, బట్టలారేసుకోను చిన్న బాల్కనీ, ఇవి అడుగుతున్నా. లాబీలో పెట్టిన ఇటాలియన్ మార్బుల్ పైసలతో ఇవి వచ్చేవి కదా.

భయపడే విషయం ఇంకోటుంది. మెట్లు ఒక్కటే దారి, ఆ మెట్ల కిందే పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లకి రాత్రంతా చార్జింగ్ పెడతారు, పైన టెర్రస్ తలుపుకేమో పదింటికల్లా తాళం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలొచ్చి పొగ మెట్ల మీదుగా పైకెక్కి లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. తర్వాత ఏడాది మార్చిలో సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలొచ్చి 6 మంది, అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, పొగకే పోయారు. రెండూ తార్నాకకి దగ్గరే. మేనేజర్ గారికి చెప్తే తాళంచెవి వాచ్‌మెన్ దగ్గర ఉంటుంది అమ్మా అన్నారు, పొగలో నాలుగో అంతస్తు నుంచి వాచ్‌మెన్ దాకా ఎవరు దిగుతారండీ. చార్జింగ్ బయట గోడ దగ్గరికి మార్చాలి, టెర్రస్ తలుపుకి లోపల్నుంచి తీసే గడియ పెట్టాలి, రెండూ ఒక్కరోజు పని.

బిల్లు కూడా సరిగ్గా చూసుకోండి. మొదట్లో మా బిల్లులో జీఎస్‌టీ లైన్ కనిపించింది. 2024 జూలై నుంచి మనిషికి నెలకి 20,000 లోపు అద్దె అయ్యి, కనీసం 90 రోజులు ఆపకుండా ఉంటే హాస్టల్ అద్దెకి జీఎస్‌టీ లేదు, ఆ మాట చెప్పాక తీసేశారు. అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

చేరాలనుకుంటే మూడో అంతస్తు వెనక తూర్పు రూములు అడగండి, అక్కడ పక్క ప్లాట్‌లో వేపచెట్టుంది, పొద్దున్న గాలొస్తుంది. చూడ్డానికి మాత్రం సాయంత్రం పోకండి, మధ్యాహ్నం మూడింటికి పోయి ఫ్యాన్ ఆపించి పది నిమిషాలు కూర్చోండి. స్టడీ హాల్‌కి, వార్డెన్ అక్కకి ఐదుకి ఐదిస్తా, రూములకి రెండు. అదే సందులో వీళ్లదే రెండో బ్లాక్‌కి పునాదులు తవ్వుతున్నారు, సజ్జలు, రెండో మెట్లు పెట్టమని మేం కొందరం సంతకాలు పెట్టి ఓనర్‌కి ఇచ్చాం, ఇప్పుడున్న వాళ్లు కూడా వెళ్లి అడగండి, స్లాబ్ పడ్డాక అడిగి లాభం లేదు.