ముల్లు గుచ్చుకుంది రైకర్‌కి, నొప్పి మాకు

రెండు నెలలుగా మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ అనే పాత అమెరికన్ అంతరిక్ష సీరియల్ నడుస్తోంది, నేనూ మా బామ్మర్దీ. వాడికి అంతరిక్షం అంటే ఏదో ఒకటి పేలాలి, నాకేమో నలుగురు టేబుల్ చుట్టూ కూర్చుని వాదించుకుంటే చాలు. మొదటి సీజన్ ఓపిక పట్టరా, రెండోది నయం, మూడోది అదిరిపోతుంది అని బతిమాలి కూర్చోబెట్టాను. మొన్న శనివారం రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ దాకా వచ్చాం. 22వది, పేరు ‘షేడ్స్ ఆఫ్ గ్రే’. ఇది ఒకప్పుడు చూసిందే, కానీ ఎంత బాగోదో మర్చిపోయాను, లేకపోతే వాడికి ముందే చెప్పేవాణ్ణి. సీజన్ ముగింపు కదా అని వాడు మిరపకాయ బజ్జీలు కూడా తెచ్చాడు.

బజ్జీలు బాగున్నాయి.

కథ ఏమిటంటే, అంతరిక్ష ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి అయిన కమాండర్ రైకర్ సురాటా 4 అనే గ్రహం మీద సర్వేకి వెళ్తాడు, అక్కడ కాల్లో ముల్లు గుచ్చుకుంటుంది. ముల్లే కదా అని జోకులేస్తుంటాడు గానీ, దాంతోపాటు ఒంట్లోకి చేరిన క్రిమి నరాల్ని పట్టుకుని మెదడు దాకా పాకుతుంది. ఓడలోని డాక్టర్ పులాస్కీ అతన్ని పడుకోబెట్టి, తలకి సూదుల మిషన్ ఒకటి తగిలించి, మెదడు ఆగిపోకుండా కదిలిస్తూ ఉంటుంది. మెదడు కదిలితే జ్ఞాపకాలు వస్తాయి. ఆ జ్ఞాపకాలు ఏమిటో తెలుసా? మనం గత రెండు నెలల్లో చూసిన పాత ఎపిసోడ్లలోని ముక్కలు! కత్తిరించినవి కత్తిరించినట్టే, ఒకదాని వెనక ఒకటి.

మూడో ముక్క వచ్చేసరికి మావాడు నా వైపు తిరిగి, “బావా, రిమోట్ మీద గానీ కూర్చున్నావా, వెనక్కి పోయినట్టుంది” అన్నాడు.

దీన్ని అమెరికా టీవీ వాళ్ళు క్లిప్ షో అంటారు. మనకేం కొత్త కాదు. మన సీరియల్లో కోడలు గోడ మీద ఫోటో వైపు చూడగానే పాత సీన్లు మొదలై అరగంటలో పది నిమిషాలు అవే తినేస్తాయి, మా అమ్మ ఆ టైమ్‌లో లేచి వెళ్ళి పాలు తోడు పెట్టి వస్తుంది, కథలో ఏమీ పోదు. కాకపోతే అవి వారం మధ్యలో మామూలు రోజున వచ్చేవి. సీజన్ చివర్న, ఆ తర్వాత కొన్ని నెలల పాటు కొత్తది రాదని తెలిసి, ఇలాంటిది పెట్టడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి.

ఎందుకిలా చేశారో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే వాళ్ళకీ అన్యాయం చేసినట్టే. 1988లో హాలీవుడ్ రచయితల సమ్మె మార్చిలో మొదలై ఆగస్టు దాకా ఐదు నెలలు సాగింది. దాంతో ఈ సీజన్ నవంబరులో గానీ మొదలు కాలేదు, మొదటి సీజన్‌కి 26 ఎపిసోడ్లు ఉంటే దీనికి 22తో సరిపెట్టారు. అది సగం కారణం. మిగతా సగం డబ్బు. ఇదే సీజన్లో షెర్లాక్ హోమ్స్ లండన్ వీధుల సెట్లు వేసిన ‘ఎలిమెంటరీ, డియర్ డేటా’, బోర్గ్ అనే శత్రుజాతి మొదటిసారి కనిపించే ‘క్యూ హూ’ ఉన్నాయి చూడండి, వాటికి అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయింది. అప్పుడు ఎక్కువ ఇచ్చాం, ఇప్పుడు మూడు రోజుల్లో ఒక ఎపిసోడ్ తీసి ఇవ్వండి అని సీరియల్ తీయించే పారమౌంట్ స్టూడియో వాళ్ళు లెక్క సరిచేసుకున్నారు. మామూలుగా ఒక ఎపిసోడ్ షూటింగ్‌కి వారం, ఎనిమిది రోజులు పట్టేది. తమాషా ఏంటంటే ఆ రెండు ఖరీదైనవీ తీసింది రాబ్ బౌమన్, దీన్ని తీసిందీ ఆయనే. అప్పు చేసి పప్పుకూడు తిన్న మనిషి చేతికే బిల్లు కూడా ఇచ్చారన్నమాట. ‘క్యూ హూ’ లాంటి పప్పుకూడు అయితే నేనైనా అప్పు చేస్తాను, అది వేరే సంగతి.

కాబట్టి డబ్బుల్లేక ఇలా తీశారంటే నాకు కోపం లేదు. కోపమంతా చేతిలో ఉన్న మంచి ఆలోచనని పారేసుకున్నందుకు.

ఆలోచన నిజంగా బాగుంది. రైకర్ హాయైన జ్ఞాపకాల్లో ఉంటే క్రిమి ఇంకా బలుస్తుంది, బాధలో భయంలో ఉంటే మెదడులో పుట్టే రసాయనాలు దానికి పడవు, చస్తుంది. అంటే మనిషిని బతికించాలంటే డాక్టర్ అతని పాత గాయాలన్నీ తనే వెతికి రేపాలి. పక్కన ఓడలోని కౌన్సిలర్ ట్రాయ్ నిలబడి ఉంటుంది, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఆమెకి తెలిసిపోతుంది, పైగా రైకర్‌ని ఒకప్పుడు ప్రేమించిన మనిషి. ఒక గది, ఒక మంచం, ముగ్గురు నటులు. సెట్టు ఖర్చు లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. రాసేవాడికి ఓపిక ఉంటే ఏడిపించొచ్చు.

కానీ ఇక్కడ జరిగిందేమిటి? ముందు ఆడవాళ్ళతో సరసాల ముక్కలు: ‘ఏంజెల్ వన్’ ఎపిసోడ్‌లోవి, హోలోడెక్ అనే మాయగదిలో కనిపించే మినుయెట్ అనే అమ్మాయితోవి. తర్వాత విషాదం: ఓడ భద్రతాధికారి టాషా యార్ చావు, ట్రాయ్ బిడ్డ పోవడం. ఆ తర్వాత దెబ్బలాటలు. ఒక డబ్బాలో ప్రేమ, ఒక డబ్బాలో ఏడుపు, ఒక డబ్బాలో తన్నులు, మూతలు తీసి వరసగా కుమ్మరించారు అంతే. పోనీ జ్ఞాపకాలే అనుకుందామంటే, అన్నిట్లోనూ రైకర్ తనని తనే బయటినుంచి చూసుకుంటున్నాడు, కెమెరామన్‌లా.

అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది ఇంకోటి ఉంది. ఇదే సీజన్లో ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ వచ్చింది. ఓడలో పనిచేసే మరమనిషి డేటా మనిషా, వస్తువా అని విచారణ జరుగుతుంది, రైకర్ తన స్నేహితుడికి వ్యతిరేకంగా వాదించాల్సి వస్తుంది, వాదిస్తూ వాదిస్తూ అందరి ముందూ స్విచ్ నొక్కి డేటాని ఆపేస్తాడు. అదీ పెద్ద ఖర్చు లేని ఎపిసోడే, ఎక్కువ భాగం గదుల్లో మాటలే, అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చెప్పుకుంటారు. రైకర్ జీవితంలో అంతకన్నా కుమిలే జ్ఞాపకం ఇంకోటి ఉంటుందా? క్రిమిని చంపడానికి ఆ ఒక్కటి చాలదా? అది ఈ ముక్కల్లో లేదు! తన్నులాట మాత్రం బోలెడు ఉంది. అప్పుడర్థమైంది నాకు, వీళ్ళు రైకర్ గురించి ఆలోచించి ముక్కలు ఎంచలేదు, దొరికిన టేపులు చూసి ఎంచారు.

నటుల్ని అనడానికేం లేదు. రైకర్‌గా జొనాథన్ ఫ్రేక్స్ లేచి ఉన్న కాసేపూ హుషారుగానే ఉన్నాడు, తర్వాత పడుకోవడమే పాపం. పులాస్కీగా డయానా మల్డార్ మొహంలో టెన్షన్ చూస్తే ఇదేదో నిజంగా గొప్ప ఎపిసోడ్ అనిపిస్తుంది. ఆవిడకి ఇదే చివరిది కూడా. మూడో సీజన్‌కి పాత డాక్టర్ క్రషర్‌ని వెనక్కి తెచ్చారు. ఏడాది పాటు ఓడలో పనిచేసిన డాక్టర్‌కి ‘వెళ్ళొస్తాను’ అనే ముక్క కూడా రాయలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళకైనా పక్కింటివాళ్ళు కాఫీ ఇస్తారు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి నా సలహా: 21వది ‘పీక్ పెర్ఫార్మెన్స్’ దగ్గర రెండో సీజన్ అయిపోయిందనుకోండి. రైకర్ ఒక పాత డొక్కు ఓడ పట్టుకుని తన కెప్టెన్ పికార్డ్ మీదే ఉత్తుత్తి యుద్ధానికి దిగుతాడు, ముగింపుకి అది సరిగ్గా సరిపోతుంది. అక్కణ్ణుంచి సరాసరి మూడో సీజన్‌కి దూకేయండి, కథలో ఏమీ తప్పిపోరు. ఈ 22వది ఐదుకి ఒకటి, ఆ ఒక్కటీ పులాస్కీకి.

అయిపోయాక మావాడు ప్లేట్లు తీస్తూ, “మూడో సీజన్ చివర్న కూడా ఇలాగే పడుకోబెడతారా బావా?” అన్నాడు. లేదురా, ఏడు సీజన్లలో మళ్ళీ ఇలాంటి పని చేయలేదు అన్నాను. మూడో సీజన్ చివర్న ఏముందో మాత్రం చెప్పలేదు. ఆ రోజు బజ్జీలు నేను తెస్తాను.