ట్యాంకు బాగుంది, డిస్‌ప్లేని మాత్రం నమ్మకండి

ఆరు నెలలు వాడాక రాస్తున్నా. 300 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తున నీళ్లు, అంటే 21 లీటర్లు పట్టే యాక్రిలిక్ మిక్సింగ్ ట్యాంకు. నాలుగు బ్యాఫిల్స్ (నీళ్లు ఊరికే గుండ్రంగా తిరగకుండా గోడ దగ్గర నిలువుగా పెట్టే పలకలు), 45 డిగ్రీల వాలున్న నాలుగు రెక్కల ఇంపెల్లర్ (షాఫ్ట్ చివర తిరుగుతూ నీళ్లని కలిపే ఫ్యాన్ లాంటిది). లోపల జరిగేదంతా కళ్లకు కనిపిస్తుంది, దానికే రెండు స్టార్లు ఇచ్చేయొచ్చు.

మొదటి వారమే టెన్షన్ పెట్టింది. 300 ఆర్‌పీఎమ్‌లో తిప్పుతుంటే నీటి మీద ఒకవైపు కాస్త ఉబ్బు లేచి, అది షాఫ్ట్ చుట్టూ నింపాదిగా తిరిగి మళ్లీ మొదటి చోటికి వస్తోంది. ఇంపెల్లర్ సెకనుకు 5 చుట్లు కొడుతుంటే దీనికి ఒక్క చుట్టుకే దాదాపు 10 సెకన్లు. ఒకసారి 9, ఇంకోసారి 12, గడియారంలా మాత్రం ఉండదు. సర్వీసు వాళ్లని అడిగితే "షాఫ్ట్ వంగి ఉంటుందండీ, బేరింగ్ కూడా మార్చేద్దాం" అన్నారు. రెండూ మార్చారు, డబ్బులూ తీసుకున్నారు. ఉబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు.

షాఫ్టే వంగితే ఊపు షాఫ్ట్ వేగంతోనే రావాలి కదా, సెకనుకు 5 సార్లు. రెక్కల వల్ల అయితే 20 సార్లు. పది సెకన్లకోసారి వచ్చేదానికి ఈ రెండిటితో ఏం సంబంధం? వేగాన్ని 150కి తగ్గించి చూశా, ఊపు దాదాపు 20 సెకన్లకు సాగింది. ఇది ప్రవాహంలోనే పుట్టే మ్యాక్రో ఇన్‌స్టెబిలిటీ, అంటే ట్యాంకులోని ప్రవాహమంతా నెమ్మదిగా ఊగడం. ప్రవాహం బాగా టర్బులెంట్‌గా (అల్లకల్లోలంగా) ఉన్నప్పుడు దీని ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని ఊపులన్నది, ఇంపెల్లర్ వేగంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఇలా షాఫ్ట్ చుట్టూ తిరిగే సుడికి ఆ నిష్పత్తి, అంటే ఇంపెల్లర్ ఒక్క చుట్టుకు వచ్చే ఊపులు, 0.02 దగ్గర ఉంటుంది. ఇంపెల్లర్ రకం, సైజు, అడుగు నుంచి దాని ఎత్తు మారితే ఇంతకంటే వేగంగా వచ్చే ఊపులూ కనిపిస్తాయి. అమ్మేవాళ్లకి ఈ మాత్రం తెలియకపోవడమే నాకు మండింది.

పైగా టార్క్ (షాఫ్ట్‌ని తిప్పడానికి పట్టే మెలి బలం) డిస్‌ప్లే 30 సెకన్ల సగటు చూపిస్తుంది. అంటే మూడు ఊపుల్ని కలిపి చదును చేసేసి, అంతా స్థిరంగా ఉందని చెబుతుంది! మాన్యువల్‌లో చెప్పిన పరీక్ష ఒక్క నిమిషం, అందులో వచ్చేది ఆరు ఊపులు. అసలు సంగతి తెలియాలంటే సగటు తీయని సిగ్నల్‌ని కనీసం పావుగంట రికార్డు చేయాలి. ఆ అవుట్‌పుట్ వెనకవైపు ఒక పిన్నులో ఉంది, మాన్యువల్‌లో ఎక్కడా రాయలేదు.

దీనివల్ల పని ఎక్కడ చెడుతుందో రంగు చుక్క వేస్తే తెలిసింది. ఒకే చోట, ఒకే వేగంలో వేసినా ఒకసారి 7 సెకన్లలో కలిసిపోయింది, ఇంకోసారి 11 పట్టింది. కలవడానికి పట్టే సమయమూ ఊపు సమయమూ ఇంచుమించు ఒకటే కావడంతో, చుక్క ఏ క్షణంలో పడిందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతోంది. ఒక్క రీడింగ్‌తో సరిపెట్టుకోకండి, నేను ఇప్పుడు ఇరవై తీస్తున్నా. అలాగని ఊపు శత్రువేం కాదు, బ్యాఫిల్ వెనక నిద్రపోయే నీళ్లని కూడా అప్పుడప్పుడూ లేపుతుంది.

బ్యాఫిల్స్‌ని పైన మూత దగ్గర మాత్రమే స్క్రూలతో బిగించి, కింద వదిలేశారు. రోజంతా ఇటూ అటూ తోసే నెమ్మది బలానికి రెండో నెలలోనే ఒకటి లూజై టకటకమంది. కింద చిన్న క్లిప్పు నేనే వేసుకున్నా. టకటక ఆగింది, పది సెకన్ల ఊపు మామూలే.