గంగవాయిలి కూరా, టేబుల్ రోజా?
రెండూ ఒకే కుటుంబం, రెండూ నేల మీద పాకేవే, కాడల్లో ఆకుల్లో నీళ్లు దాచుకుని ఎండను తట్టుకుంటాయి కాబట్టి మేడ మీద కుండీలకు ఏదైనా పరవాలేదు. టేబుల్ రోజ్ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, అందానికే. కొమ్మ తుంచి గుచ్చితే బతుకుతుంది, పూలు మాత్రం బాగా ఎండ పడితేనే విచ్చుకుంటాయి, మబ్బు పట్టిందా, ముడుచుకునే ఉంటాయి. గంగవాయిలి పువ్వు చిన్న పసుపు చుక్క, చూడ్డానికేం లేదు. అయినా నా ఓటు దానికే, చిగుళ్లు తుంచి పప్పులో వేస్తే ఆ పులుపే వేరు, తుంచినకొద్దీ గుబురుగా వస్తుంది. (ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జాగ్రత్త.) గింజలు రాలాయంటే పక్క కుండీలు కూడా దానివే! రెండింటికీ అసలు శత్రువు నీళ్లు: మట్టిలో ఇసుక బాగా కలిపి, పైమట్టి ఆరాకే పోయండి. నావి వానాకాలంలో రెండుసార్లు కుళ్లిపోయాయి.